మైకమ్మ ఇంటికొచ్చిన సిగ్గరి కుక్కపిల్ల

మా బస్టాండులో మైకమ్మ అంటే తెలియనివాళ్ళు లేరు. అసలు పేరు హాజరు పట్టీలో ఉండేది, అక్కడే ఉండిపోయింది. ఇరవై మూడేళ్ళు ఆవిడ పని ఒక్కటే, ఏ నంబరు బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఉందో మైకులో చెప్పడం. నేను కింద పాసుల కౌంటర్లో కూర్చునేవాణ్ణి, సరిగ్గా నా నెత్తిమీద ఆవిడ గది. ఒక బల్ల, ఒక మైకు, ఒక ఫ్యాను. మైకు నొక్కినప్పుడల్లా ఫ్యాను ఆపాలి, లేకపోతే బస్టాండంతా గాలిదుమారం లేచినట్టు వినిపించేది. నిమిషానికో బస్సు కాబట్టి ఫ్యాను తిరిగిన రోజు లేదు. ఆ ఇరవై మూడేళ్ళూ ఆవిడ చెమటలు కక్కుతూనే ఊరందర్నీ చల్లగా సాగనంపింది.

గొంతు ఎలాంటిదంటే, కరెంటు పోయిన రోజు మైకు లేకుండా కిటికీ తెరిచి చెప్పేది. పన్నెండో ప్లాట్‌ఫారం దాకా వినిపించేది. ఒకసారి పక్కవీధిలో పళ్ళు పీకించుకుంటున్న మనిషి సగంలో లేచి బస్సెక్కేశాడు.

ఇంటికెళ్ళినా అదే గొంతు, అదే ధోరణి. "భోజనం సిద్ధంగా ఉన్నది. చేతులు కడుక్కుని రావలసిందిగా కోరుతున్నాము" అనేది. వాళ్ళాయన కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే పనివాడు. పొద్దస్తమానం మిషను కిర్రుమంటుంటే దాని ముందు కూర్చుని, ఇంటికొచ్చాక నిశ్శబ్దం తప్ప ఏదీ కోరని మనిషి. రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. మూడో మనిషి అత్తగారు. ఎనభై ఒకటి దాటిన ఆవిడకి చెవులు దాదాపు పోయాయి. ఈ భూమ్మీద ఆవిడకి వినిపించేవి రెండే చప్పుళ్ళు, ఒకటి కుక్కర్ కూత, రెండోది కోడలు. "మా కోడలు ఒక్కతే నాతో మాట్లాడుతుంది, మిగతా జనమంతా పెదాలు ఆడించి పోతారు" అని అందరికీ చెప్పుకునేది.

ఇలా ఉండగా మా బస్టాండుకి కంప్యూటరు వచ్చింది. ఎవరో వచ్చి మైకమ్మని మూడు రోజులు ఒక గదిలో కూర్చోబెట్టి మాటలన్నీ రికార్డు చేసుకెళ్ళారు. ఒకటి నుంచి వంద దాకా అంకెలు, "సిద్ధంగా ఉన్నది", "ఆలస్యంగా వచ్చును", "ప్లాట్‌ఫారం", "కోరుతున్నాము". విడివిడిగా చెప్పించుకుని, ఆ తర్వాత ఏ మాటకి ఏ మాట అతకాలో మిషనే అతుక్కుంటుంది. మూడోరోజు పాపం ఆవిడకి జలుబు. ఆ రోజు చెప్పిన మాట "దయచేసి". అందుకని ఇప్పటికీ మా బస్టాండులో ప్రకటనంతా ఖంగుమని వస్తుంది, మధ్యలో "దయచేసి" దగ్గర మాత్రం ముక్కు దిబ్బడేసినట్టు "దయజేజి" అని వినిపిస్తుంది.

మర్నాటి నుంచి మైకమ్మకి మైకు లేదు. మెట్ల కింద ఉన్న పోయిన వస్తువుల గదిలో వేశారు. బస్సుల్లో జనం మర్చిపోయినవన్నీ అక్కడికే చేరతాయి. గొడుగులు, ఒంటి చెప్పులు, టిఫిన్ డబ్బాలు, ఒక డ్రమ్ము, ఒక కట్టుడు పళ్ళ సెట్టు. ఎవరన్నా వచ్చి గుర్తులు చెప్తే రిజిస్టర్లో రాసి, సంతకం పెట్టించుకుని ఇవ్వాలి. ఆ గది గుమ్మం మీదే ఒక లౌడ్‌స్పీకరు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆవిడ గొంతు ఆవిడకే వినిపిస్తుండేది. "అక్కడ కొంచెం ఆగాలి కదా, ఆ తొందరేంటి" అని తనని తానే కోప్పడేది.

వాడకం లేని గొంతు ఎక్కడికి పోతుంది? మొత్తం ఇంటికి మోసుకుపోయేది. సాయంత్రం ఆరు నుంచి వాళ్ళ వీధికి కాలనిర్ణయం, వాతావరణం, కూరగాయల సంగతులు అన్నీ ఆవిడే ప్రసారం చేసేది. వాళ్ళాయన పెళ్ళయ్యాక మొదటిసారి షాపులో అదనపు గంటలు అడిగి మరీ చేయడం మొదలుపెట్టాడు. అలా షాపులో ఉండిపోయినప్పుడే గోడకి అంటించిన కాగితం ఒకటి ఆయన కంట పడింది. అది ఒక పనికిరాని కవరు మీద రాసుకొచ్చి భార్య చేతిలో పెట్టాడు.

ఆవిడ అలవాటు ప్రకారం గట్టిగా చదివింది. "సిగ్గరి పిల్ల! వయసు నాలుగు నెలలు! నలుపు, తెలుపు, గోధుమ! ఎవరి జోలికీ పోదు! ప్రశాంతమైన ఇల్లు కావలెను!"

అత్తగారికి "సిగ్గరి పిల్ల", "ఇల్లు కావలెను" బాగా వినిపించాయి. మధ్యలోవి కుక్కర్ కూతలో కలిసిపోయాయి.

"ఎవరికే సంబంధం? వీడికా?" అంది ముసలావిడ కొడుకు వైపు చూసి. "నువ్వు నిక్షేపంలా ఉండగా వీడికి ఇంకో పెళ్ళేంటే అమ్మాయ్?"

"కుక్కపిల్ల అత్తయ్యా! కుక్క!"

"తప్పు. చూడకుండా అలా అనకూడదు."

ఆ గందరగోళం తేలడానికి అరగంట పట్టింది. తేలాక మైకమ్మ ఒకే మాట అంది. "చెప్పింది వినే ప్రాణి ఒకటి ఉంటే బాగుంటుందండీ." ఆ మాట మాత్రం ఎందుకో మెల్లిగానే అందట. వాళ్ళాయన నాతో చెప్పాడు.

కాగితం అంటించింది రిటైరైన లెక్కల టీచరు. వీధిలో దిక్కులేకుండా దొరికిన కుక్కపిల్లల్ని, ఎవరైనా పెంచుకునేదాకా తన ఫ్లాట్లో ఉంచుకుని సాకుతుంది. దాన్ని ఫాస్టరింగ్ అంటారట. దంపతులిద్దరూ నాలుగు అంతస్తులెక్కి వెళ్ళేసరికి ఆవిడ ప్రశ్నపత్రంతో సిద్ధంగా ఉంది. ముప్ఫై ఎనిమిది ప్రశ్నలు, వంద మార్కులు. ఇద్దర్నీ చెరో బల్ల దగ్గర కూర్చోబెట్టింది, ఒకరిది ఒకరు చూసి రాయకుండా.

రాతపరీక్ష బాగానే జరిగింది. నోటిపరీక్షలో పదకొండో ప్రశ్న వచ్చింది.

"ఇంట్లో ఎవరైనా గట్టిగా మాట్లాడతారా?" అని అడిగింది టీచరు.

"లేదండి!" అంది మైకమ్మ.

పక్కగదిలో ఆడుకుంటున్న అయిదు కుక్కపిల్లలు ఒక్కసారిగా మాయమయ్యాయి. బీరువా మీద గాజుసీసా కాసేపు గణగణలాడి ఆగింది.

టీచరు పెన్ను కింద పెట్టింది. వాళ్ళాయన సర్దిచెప్పబోయాడు. "ఆవిడ ఇప్పుడు గట్టిగా మాట్లాడలేదండీ. ఇది మామూలే."

మార్కులు కూడితే ముప్ఫై ఎనిమిది వచ్చాయి. పాసు మార్కు ముప్ఫై అయిదు. టీచరు రెండుసార్లు కూడింది, కింది నుంచి పైకి ఒకసారి, పై నుంచి కిందికి ఒకసారి. అంతే వచ్చాయి.

"నాకు ఇష్టం లేదు. అయినా నా ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో పాసైనవాళ్ళని ఫెయిల్ చేసిన పాపం లేదు, ఇప్పుడెందుకు కట్టుకోవాలి" అని పిల్లని ఇవ్వడానికి ఒప్పుకుంది. కాకపోతే ఒక షరతు పెట్టింది. నెలరోజుల పాటు ఆ ఇంట్లో ఎవరూ గుసగుస కన్నా పైకి మాట్లాడకూడదు.

పిల్లని సోఫా కింద నుంచి బయటికి తీయడానికి ఇంకో గంట పట్టింది. వాళ్ళాయన వంగి దాన్ని తల నుంచి తోక దాకా చూశాడు. ఒక చెవి నిటారుగా నిలబడి ఉంది, ఇంకోటి మడిచి ఇస్త్రీ చేసినట్టు పడుకుని ఉంది. కాళ్ళు ఏదో పెద్ద కుక్కకి కొలతలు తీసుకుని పొరపాటున దీనికి ఇచ్చేసినట్టున్నాయి. తోక మూడు రంగుల్లో ఉంది.

"దీనిది ఏ జాతండీ?" అని గుసగుసగా అడిగింది మైకమ్మ.

"మూడు జాతులు కచ్చితంగా ఉన్నాయి" అంది టీచరు. "నాలుగోది ఇంకా తేలాలి."

దాన్ని సిగ్గరి అనే పిలిచారు. పిలిచారంటే పలికిందని కాదు. ఇంటికి రాగానే పడకగదిలో మంచం కిందికి దూరి, గోడకి ఆనుకుని, తొమ్మిది రోజులు అక్కడే ఉండిపోయింది. మంచం కింద చూస్తే ముక్కు ఒకటే కనిపించేది. గిన్నెలో అన్నం పెట్టి గదిలోంచి అందరూ వెళ్ళిపోతేనే తినేది. వెళ్ళిపోయినట్టు నటిస్తే తినేది కాదు. నిజంగానే వెళ్ళాలి, మెట్లు దిగిన చప్పుడు రావాలి. దాంతో ముగ్గురూ పూటపూటా వీధిలోకి వెళ్ళి నిలబడేవాళ్ళు. ముసలావిడకి కుర్చీ వేసేవాళ్ళు. చూసినవాళ్ళు ఇంట్లో గ్యాసు లీకైందా అని అడిగేవాళ్ళు. "లేదండీ, మా కుక్క భోంచేస్తోంది" అని చెప్తే, అలాంటి మర్యాద తామెక్కడా చూడలేదని వెళ్ళిపోయేవాళ్ళు.

అసలు చిక్కు అత్తగారితో వచ్చింది. కోడలు గుసగుసలోకి దిగాక ముసలావిడకి లోకంలో ఉన్న రెండు చప్పుళ్ళలో ఒకటి ఆగిపోయింది. మూడోరోజు కొడుకుని పిలిచి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఒరేయ్, నా చెవులు పూర్తిగా పోయాయిరా. నీ పెళ్ళాం కూడా పెదాలు ఆడిస్తోంది." సంగతి చెప్పాలంటే గట్టిగా చెప్పాలి. గట్టిగా చెప్తే మంచం కింద పిల్ల ముక్కు కూడా కనపడకుండా లోపలికి పోతుంది. చివరికి ఒక పలక కొన్నారు. మైకమ్మ దాని మీద "భోజనము సిద్ధము" అని రాసి చూపించేది. ముసలావిడ కళ్ళజోడు సర్దుకుని, అక్షరం అక్షరం చదివి, "ఇదేం ఆఫీసు నోటీసులా ఉందే" అని నవ్వుకుని చేతులు కడుక్కునేది.

పదోరోజు పొద్దున్న ఆరూ పదికి సిగ్గరి తనంతట తాను బయటికొచ్చింది.

వాళ్ళ ఇల్లు బస్టాండు వెనక సందులోనే. బాల్కనీలోంచి చూస్తే ఏడో ప్లాట్‌ఫారం స్తంభం మీది లౌడ్‌స్పీకరు ఎదురుగా కనిపిస్తుంది. తొలి బస్సు ప్రకటన మొదలైంది. పిల్ల గోడవారగా, ఒక్కో కాలూ ఆలోచించి వేస్తూ, వంటింటి గుమ్మం దాటి బాల్కనీలోకి వెళ్ళి కూర్చుంది. లేచిన చెవి ఇంకాస్త లేచింది. "దయజేజి" దగ్గరికి వచ్చేసరికి తోక ఊపింది. వచ్చాక అది తోక ఊపడం అదే మొదలు.

చేతిలో గ్లాసుతో గుమ్మంలో నిలబడిపోయింది మైకమ్మ. సంతోషం పట్టలేకపోయింది. "అది నేనే!" అని అరిచింది.

సిగ్గరి మంచం కిందికి దూకిన వేగానికి మంచమే కదిలిందట.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో విడ్డూరం మొదలైంది. పిల్ల పొద్దస్తమానం బాల్కనీలో కూర్చుని లౌడ్‌స్పీకరు వైపు చూస్తూ తోక ఊపుతుంది. దాని లెక్కలో దాన్ని పెంచుకుంటున్న తల్లి ఆ స్తంభం మీద ఉంది. ఈ ఇంట్లో గుసగుసలాడుతూ అన్నం పెట్టే ఆవిడ ఎవరో తెలీదు. మైకమ్మ బాల్కనీలోకి అడుగు పెడితే, ప్రకటన మధ్యలో మాట్లాడినవాళ్ళని చూసినట్టు ఒకసారి చూసి లోపలికి పోయేది.

ఒక మధ్యాహ్నం మైకమ్మ నా కౌంటరు దగ్గరికి వచ్చింది.

"ఒక్క మాట చెప్పండి. ఆ పైన వినిపించే గొంతు నాదే కదా?"

"మీదే."

"మరి నేనెవర్ని?"

నా ముందు క్యూలో పదకొండు మంది ఉన్నారు.  వాళ్ళలో ఒకాయన "మీరు కొంచెం పక్కకి జరగండమ్మా" అన్నాడు.

ఆవిడ అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. బాల్కనీ తలుపు వెనక కర్టెన్ కప్పుకుని నిలబడి, అచ్చం లౌడ్‌స్పీకరులాగే "నలభై రెండో నంబరు బస్సు..." అని మొదలుపెట్టి చూసింది. సిగ్గరి కర్టెన్ వైపు జాలిగా చూసింది. తర్వాత మైకమ్మ మేనేజరుకి అర్జీ పెట్టింది. "నా గొంతు నా ఇంటి వ్యవహారాల్లో తలదూరుస్తున్నది. ఏడో ప్లాట్‌ఫారం స్పీకరు తగ్గించవలసిందిగా ప్రార్థన." మేనేజరు దాన్ని పైకి పంపాడు. పదిరోజులకి కిందికొచ్చింది. గొంతు సంస్థకు చెందినదని, దాని మీద ఫిర్యాదు ఉంటే ప్రయాణికుల ఫిర్యాదుల పెట్టెలో వేయాలని రాసి ఉంది. ఆవిడ ప్రయాణికురాలిగా మళ్ళీ రాసి పెట్టెలో వేసింది. ఆ పెట్టె తాళం చెవి పోయి రెండేళ్ళయింది. అది కూడా పోయిన వస్తువుల గదిలోనే ఎక్కడో ఉందని అందరి అనుమానం.

ఆ సాయంత్రం వాళ్ళాయన మాట్లాడాడు. వాళ్ళ కాపురంలో అదే పొడుగాటి ఉపన్యాసం అని ఆవిడే నాకు తర్వాత చెప్పింది.

"లౌడ్‌స్పీకరులో నువ్వు ఎప్పుడూ ఒకేలా ఉంటావు. పొద్దున చెప్పిందే సాయంత్రం చెప్తావు. ఎవరి మీదకీ రావు, ఎవర్నీ తొందరపెట్టవు. ఏం జరగబోతోందో ముందే చెప్పి, అదే జరగనిస్తావు. భయపడేవాళ్ళకి అంతకన్నా ఏం కావాలి? నాకు కూడా ఆ గొంతంటే ఇష్టం" అన్నాడు.

కోప్పడాలో సంతోషపడాలో తెలియక ఆవిడ అంట్లు తోముకుంది.

ఆ గురువారం మధ్యాహ్నం వాషింగ్ మిషను బాగుచేసే మనిషి వచ్చాడు. కిటికీలోంచి అతన్ని చూసి ముసలావిడ తలుపు తీసి, వేయడం మర్చిపోయింది. సిగ్గరి మెట్లు దిగింది. సందు దాటింది. తల్లిని వెతుక్కుంటూ నేరుగా స్తంభం దగ్గరికి, అంటే ఏడో ప్లాట్‌ఫారం మీదికి వచ్చింది. సరిగ్గా అప్పుడే పైనుంచి వినిపించింది. "నలభై రెండో నంబరు బస్సు ఏడో నంబరు ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉన్నది. దయజేజి బస్సులోకి ఎక్కవలసిందిగా కోరుతున్నాము."

తల్లి చెప్పింది. పిల్ల ఎక్కింది.

నేను కళ్ళారా చూశాను. సంచీ పట్టుకున్న ఒకావిడ వెనక నిలబడి, ఎవర్నీ తోసుకోకుండా, తన వంతు వచ్చాక ఒక మూడు రంగుల తోక బస్సు మెట్లెక్కింది. మా బస్టాండులో క్యూ పాటించి బస్సెక్కిన మొదటి శాల్తీ అదే. కానీ మైకమ్మ కుక్కని నేనెప్పుడూ చూడలేదు కాబట్టి, ఆ సంచీ ఆవిడదే అనుకుని ఊరుకున్నాను.

ముప్పావుగంట తర్వాత పోయిన వస్తువుల గదిలో ఫోను మోగింది. నేను టీ తాగడానికి అక్కడే ఉన్నాను. నలభై రెండు బస్సు కండక్టరు, ఆఖరి స్టాపు నుంచి.

"ఒక వస్తువు దొరికింది మేడం. రాసుకోండి."

"ఏ వస్తువు?"

"కుక్క."

"కుక్క వస్తువు కాదు బాబూ."

"మరి ప్రయాణికుడు కూడా కాదు కదా మేడం. వెనక సీటు కింద దూరింది. రమ్మంటే రాదు, పొమ్మంటే పోదు. అది దిగితే గానీ బండి తీయనని డ్రైవరు పంతం పట్టాడు. ఆయనకి కుక్కలంటే భయం. దానికి ఆయనంటే భయం. మధ్యలో నా ట్రిప్పు పోతోంది."

మైకమ్మ కుర్చీలోంచి లేచింది. "ఒక చెవి లేచి ఉందా? ఒకటి పడుకుని ఉందా?"

"చెవులు కనపట్టం లేదు మేడం. ముక్కు ఒకటే కనిపిస్తోంది."

"అయితే మాదే!" అంది ఆవిడ.

ఆ మాట అన్న తీరుకి అవతల కండక్టరు ఫోను జారవిడిచిన చప్పుడు వినిపించింది. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కాసేపు కళ్ళు మూసుకుంది. తర్వాత మెల్లిగా అంది. "ఫోను స్పీకరులో పెట్టి సీటు కింద పెట్టు బాబూ."

ఆ చిన్న స్పీకరులోంచి వెళ్ళే గొంతు సన్నగా, దూరంగా, స్తంభం మీది గొంతులాగే ఉంటుందని ఆవిడకి తోచింది. "సిగ్గరీ, దయచేసి..." అని మొదలుపెట్టింది. ఆగింది. తల అడ్డంగా ఊపింది. రెండు వేళ్ళతో ముక్కు గట్టిగా పట్టుకుంది.

"దయజేజి బస్సులోంచి దిగవలసిందిగా కోరుతున్నాము."

అప్పుడే తలుపు తీసుకుని మేనేజరు లోపలికొచ్చాడు, పైఆఫీసు నుంచి తనిఖీకి వచ్చిన పెద్దమనిషిని వెంటబెట్టుకుని. ముక్కు పట్టుకుని ఫోనుతో మాట్లాడుతున్న క్లర్కునీ, టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డ పాసుల కౌంటరు వాణ్ణీ ఇద్దరూ చూశారు. నేను గ్లాసు వెనక్కి పెట్టుకున్నాను. ఆవిడ ఎవర్నీ చూసే స్థితిలో లేదు.

"ముక్కు ముందుకొచ్చింది మేడం!" అన్నాడు కండక్టరు ఫోనులో. "ఇంకోసారి అనండి. ఆ... ఒక చెవి వచ్చింది. రెండో చెవి... ఇదేంటి మేడం ఇంకా వస్తూనే ఉంది, ఎంత పొడుగు!"

"ఎత్తుకో. ఎత్తుకుని కూర్చో."

"మీరు ఆపకండి. ఆపితే మళ్ళీ వెనక్కి పోతోంది."

అందుకని ఆవిడ ఆపలేదు. బస్సు తిరిగి బయల్దేరింది. కండక్టరు ఒళ్ళో సిగ్గరి, జేబులో ఫోను, ఫోనులో మైకమ్మ. ముందు నలభై రెండు బస్సు టైములన్నీ చెప్పింది. అవి అయిపోయాక మిగతా బస్సుల టైములు. అవీ అయిపోయాయి. ఇంకా అరగంట దారి ఉంది. అప్పుడు ఆవిడ మామూలు మాటల్లో పడింది.

కుక్కపిల్లకి తన సంగతులన్నీ చెప్పింది. ఉద్యోగంలో చేరిన మొదటిరోజు మైకు ముందు నోరు పెగల్లేదట. బల్ల కిందికి దూరి కూర్చుందట. ఆ రోజంతా బస్సులు ఎవరూ చెప్పకుండానే వెళ్ళిపోయాయట. చిన్నప్పుడు ఇంటికి చుట్టాలొస్తే తలుపు వెనక నిలబడేదట. గట్టిగా అరిస్తే భయం తెలియదని ఎవరో చెప్తే అరవడం మొదలుపెట్టిందట. అప్పటి నుంచి ఆపడం ఎలాగో తెలియలేదట. "నాకు ఆ గదిలో ఉక్కపోసేది సిగ్గరీ, అయినా అక్కడ బాగుండేది. నేను చెప్తే జనం సరైన బస్సెక్కేవాళ్ళు. ఇప్పుడు గొడుగులతో ఏం మాట్లాడను?" అంది.

ఎప్పుడు వదిలిందో ఏమో, ముక్కు మీద చెయ్యి లేదు. గొంతు బాగా దిగిపోయి ఉంది. ఇరవై మూడేళ్ళలో నేనా గొంతు వినలేదు. తనిఖీ పెద్దమనిషి గొడుగుల బుట్ట పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఫోనులోంచి ఎవరో ప్రయాణికురాలి గొంతు వినిపించింది. "పాపం, ఆవిణ్ణి కాసిని మంచినీళ్ళు తాగమనండి." ఇంకెవరో "ష్, పిల్ల నిద్రపోయింది" అన్నారు. అయినా ఆవిడ బస్సు వచ్చేదాకా చెప్తూనే ఉంది.

కండక్టరు సిగ్గరిని అట్టపెట్టెలో పెట్టి తెచ్చాడు. మైకమ్మ ఎదురెళ్ళి నోరు తెరిచింది. ఒక్క ముక్క రాలేదు. గాలి వచ్చింది. గొంతు పూర్తిగా ఆరిపోయింది. సిగ్గరి పెట్టెలోంచి మెడ చాపి ఆవిడ మొహం వాసన చూసింది. కండక్టరు జేబు వాసన చూసింది. మళ్ళీ ఆవిడ వైపు తిరిగింది. తర్వాత పెట్టె దిగి, ఆ గొడుగుల మధ్యలోంచి నడిచి, ఆవిడ కుడిపాదం మీద కూర్చుంది. అంతే. ఆవిడ ఆ పాదం కదపకుండా గంటసేపు నిలబడింది. ఏడ్చిందో లేదో నేను చూడలేదు, అటు తిరిగి ఉంది.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. పక్కన పైఆఫీసు మనిషి ఉన్నాడు కదా, నిబంధన గుర్తొచ్చింది. బస్సులో దొరికింది ఏదైనా రిజిస్టర్లో ఎక్కాలి. గుర్తులు చెప్పి, సంతకం పెట్టినవాళ్ళకే ఇవ్వాలి. మైకమ్మ తల ఊపి, కదలకుండానే రిజిస్టరు అందుకుని రాసింది. రంగు, మూడు. తయారీ, తెలియదు. ప్రత్యేక గుర్తులు, సిగ్గు. ఇచ్చినవారి సంతకం దగ్గర సంతకం పెట్టింది. పుచ్చుకున్నవారి సంతకం దగ్గరా పెట్టబోతే మేనేజరు ఆపాడు.

"ఇచ్చేదీ పుచ్చుకునేదీ ఒకరే ఎలా అవుతారండీ? ఆడిట్‌లో పట్టుకుంటారు."

తనిఖీ పెద్దమనిషి కూడా అది నిజమేనన్నాడు. అందరూ నా వైపు చూశారు. నేను టీ గ్లాసు కింద పెట్టి సంతకం పెట్టాను. కాబట్టి కాగితాల ప్రకారం సిగ్గరి ఈరోజుకీ నాదే. మా ఆవిడకి ఈ సంగతి చెప్పలేదు.

నాలుగురోజుల తర్వాత మైకమ్మ గొంతు తిరిగొచ్చింది గానీ, పూర్తిగా రాలేదు. సగం వచ్చింది. తొందరపడొద్దని డాక్టరు చెప్పాడు. ఆవిడకీ తొందర లేదు. అత్తగారితో మాట్లాడాలంటే ఇప్పుడు దగ్గరికెళ్ళి, పక్కన కూర్చుని, చెవి దగ్గర చెప్తుంది. ముసలావిడకి ఆ ఏర్పాటు బాగా నచ్చింది, వినిపించినా మళ్ళీ చెప్పమంటుంది. వాళ్ళాయన అదనపు గంటలు మానేశాడు.

సిగ్గరికి సిగ్గు పోలేదు. ఏడాది నిండింది, కాళ్ళకి తగ్గ ఒళ్ళు వచ్చింది, పిల్లి ఎదురొస్తే ఇప్పటికీ దారి ఇచ్చి గోడవైపు తిరుగుతుంది. పోస్టుమ్యాన్ వస్తే మంచం కింద సగం పడుతుంది, మిగతా సగం బయట ఉంటుంది. బయట ఉన్న సగం తనది కాదన్నట్టు ఉంటుంది. ఎవరూ దాన్ని రమ్మని బలవంతం చేయరు.

ఆదివారాలు మాత్రం నలుగురూ నలభై రెండు బస్సెక్కి ఆఖరి స్టాపు దాకా వెళ్ళొస్తారు. సిగ్గరికి ఆ వెనక సీటు కింద చోటు బాగా నచ్చింది. అక్కడికెళ్ళాక జనమంతా దిగి, మెట్ల దగ్గర ఎవరూ లేరని తేలితేనే అది దిగుతుంది. దానికి పావుగంట పట్టచ్చు, ఇరవై నిమిషాలూ పట్టచ్చు. డ్రైవరు ఇప్పుడు హారన్ కొట్టడు. కిందికి దిగి, చెట్టు నీడలో, బస్సుకి కాస్త దూరంగానే నిలబడి, కమలాపండు వలుచుకుంటూ ఉంటాడు.